గట్క, బొక్క, పథ్యం: దక్షిణ తెలంగాణ మెట్టలో కుక్క తిండి చరిత్ర

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల మెట్ట పల్లెల్లో కుక్క కోసం వేరే పొయ్యి వెలిగించడం ఇటీవలి సంగతి. అంతకుముందు ఇంటివాళ్లు ఏది తింటే దాని మిగులే కుక్కకు తిండి, వాళ్లు ఏ బావి నీళ్లు తాగితే ఆ నీళ్లే కుక్కకూ దిక్కు. అందువల్ల ఈ ప్రాంతంలో కుక్క తిండి చరిత్రను రాయడమంటే జొన్న చరిత్రను, వరి చరిత్రను, నీళ్ల చరిత్రను ఇంటి వాకిలి వైపు నుంచి రాయడమే అవుతుంది. మూత్రపిండాలు చెడిన కుక్కకు ఏం పెట్టాలన్న ప్రశ్న ఆ చరిత్రలో చివరి అధ్యాయం. ఆ ప్రశ్నకు పశువైద్య శాస్త్రం మొదట ఇచ్చిన జవాబు అమెరికాలో, డబ్బా మాంసం తినే కుక్కలను చూసి తయారైనది కాబట్టి, గట్క తిని బతికిన మెట్ట కుక్కకు అది ఎంతవరకు వర్తిస్తుందో తేల్చాలంటే ముందు ఆ గట్క సంగతి తెలియాలి.

ఈ మెట్ట గ్రానైటు రాతి మీద పలచగా పరుచుకున్న ఎర్ర చెల్క నేల. గద్వాల, అలంపురం వైపు కొంత నల్లరేగడి ఉన్నా, మిగిలిన భూమిలో నీరు నిలవదు, వాన నమ్మకంగా రాదు. పాలమూరుగా పిలిచే ఊరికి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద 1890లో మహబూబ్‌నగర్ అని పేరు పెట్టేనాటికీ, ఆ తరువాత చాలా దశాబ్దాల పాటూ, ఈ రెండు జిల్లాల్లో సామాన్యుడి కంచంలోకి వచ్చే ప్రధాన ధాన్యం జొన్నే. చెరువుల కింద వరి పండేది గాని అన్నం పండుగలకు, చుట్టాలు వచ్చిన రోజులకు, ఉన్నవాళ్ల ఇళ్లకు పరిమితమయ్యేది. రొట్టె, సంకటి, అంబలి, గట్క అనే రూపాల్లో జొన్నే పూటలు గడిపేది.

గట్క అంటే జొన్న రవ్వను ఉడికించిన ముద్ద. జొన్నల మీద కొద్దిగా నీళ్లు చిలకరించి రోట్లో దంచి, చేటతో చెరిగి పొట్టు తీసి, విసుర్రాతిలో పలుకుగా పగలగొట్టి, మరిగే ఎసట్లో పోసి తెడ్డుతో కలుపుతూ దగ్గరపడేదాకా ఉడికిస్తారు. చల్లారాక మజ్జిగ పోసుకుని, ఉల్లిగడ్డో పచ్చిమిరపకాయో నంజుకుని తింటారు. కుండ అడుగున అంటిన మాడును గోకి, కుండ కడిగిన నీళ్లలోనే నానబెట్టి, వాకిట్లో పగిలిన కుండ పెంకులోనో చిన్న రాతి తొట్టిలోనో పోస్తే అది కుక్క వాటా. అందులో ఒక్కోనాడు రొట్టె ముక్క పడేది, ఒక్కోనాడు విరిగిన మజ్జిగ పడేది, కరువు రోజుల్లో ఏమీ పడేది కాదు. ఈ వాటాను ఎవరూ కొలవలేదు, ఏ లెక్కల పుస్తకంలోనూ ఎక్కించలేదు.

కొలతకు దగ్గరగా వచ్చిన తిండి గొర్రెల మంద కుక్కది. మహబూబ్‌నగర్ జిల్లా గొర్రెల పెంపకానికి పేరున్న జిల్లా. గొల్ల, కురుమ కుటుంబాలు నల్ల ఉన్ని గొంగళ్లు నేస్తూ, ఎండాకాలం మందలను నల్లమల అంచులకూ కృష్ణ ఒడ్డుకూ తోలుకుపోతూ బతికాయి. దక్కన్ మెట్టలో తోడేలు నిన్నమొన్నటిదాకా మందకు నిజమైన శత్రువు కాబట్టి, రాత్రి మంద చుట్టూ తిరిగే కుక్క కాపరికి పనివాడితో సమానం. కోత అయిన చేలల్లో ఎరువు కోసం మందను రాత్రుళ్లు పడుకోబెట్టించుకునే ఆచారం ఉంది. దానికి బదులుగా రైతు ఇచ్చే గింజలే వలసలో కాపరికి తిండి, ఆ తిండిలోంచే కుక్కకు సంకటి ముద్ద. చచ్చిన గొర్రెపిల్ల, ఈనిన గొర్రె వేసే మాయ వంటివి ఆ ముద్దకు తోడయ్యేవి. ఊరి కుక్క కంటే మంద కుక్క పుష్టిగా ఉండడానికి కారణం జాతి కంటే ఈ తోడు తిండిలోనే వెతకడం న్యాయం.

అడవి వైపు పరిస్థితి వేరు. అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచులతో 1940లో కలిసి తిరిగి, 1943లో వారి మీద గ్రంథం ప్రచురించిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ వర్ణించిన జీవితంలో గడ్డలు, ఇప్పపువ్వు, వేట మాంసం ఉన్నాయి, వేటకు తోడు వచ్చే కుక్క ఉంది; సేద్యం దాదాపు లేదు. అక్కడ కుక్కకు దక్కింది వేట దొరికిన రోజు పేగులూ బొక్కలూ, దొరకని రోజు ఆకలి. తండాలలో లంబాడాల కుక్కలు పూర్వం ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసే బిడారులకు కావలి కాసిన కుక్కల సంతతిగా పేరుపొందాయి.

రాజుల కుక్కల గురించి మాత్రం రాత ఆధారం ఉంది. ఈ ప్రాంతాన్ని కందూరు చోడులు పానగల్లు రాజధానిగా సామంతులుగా ఏలిన రోజుల్లో వారికి పై ప్రభువులు కళ్యాణి చాళుక్యులు. ఆ వంశపు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దం తొలి భాగంలో కూర్చిన మానసోల్లాసంలో రాజు వినోదాల వరుసలో సారమేయ వినోదం, అంటే కుక్కలతో వినోదం, ఒక ప్రకరణం. గృహస్థుడు తినబోయే ముందు యముడి కుక్కలకు అన్నం ముద్ద ఉంచాలన్న వైశ్వదేవ విధి ఇంకొక చివర. ఈ రెంటికీ మధ్య ఉన్న వాకిలి కుక్క మీద గ్రంథాలు మౌనంగానే ఉండిపోయాయి.

మాంసాహార జంతువుగా పుట్టిన కుక్క గింజ తిండి మీద తరతరాలుగా ఎలా నెగ్గుకొచ్చిందన్నదానికి 2013లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక సమాధానం ప్రచురించారు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ అనే ఎంజైముకు మూలమైన జన్యువు తోడేలులో రెండు నకళ్లే ఉండగా కుక్కలో అంతకు ఎన్నో రెట్లు ఉంది; మనిషి వ్యవసాయంలోకి వచ్చినప్పుడు కుక్క పొట్ట కూడా అతని వెంట వచ్చిందన్నమాట. గట్కను కుక్క అరిగించుకోగలదు. అది ఒక్కటే సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న, దాన్ని తేల్చిన ప్రయోగం విశేషంగా హైదరాబాదులోనే జరిగింది.

ఆ ప్రయోగానికి దారితీసింది పెల్లాగ్రా అనే వ్యాధి. అందులో ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగులుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చెదురుతుంది. నియాసిన్ అనే బి విటమిన్ చాలకపోవడం దీనికి మూలం. అమెరికా దక్షిణాదిలో మొక్కజొన్న తిని బతికే పేదల్లో ఇది విరివిగా ఉండేది. 1920లలో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అదే తిండిని కుక్కలకు పెట్టి, వాటిలో వచ్చే నల్లనాలుక వ్యాధి మనుషుల పెల్లాగ్రాకు సాటి అని చూపించాడు. నల్లనాలుక పట్టిన కుక్కకు నోరంతా పుండ్లు పడి, దుర్వాసనతో చొంగ కారి, నాలుక కమిలి, తిండి మాని చివరకు అది చస్తుంది. 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కాన్రాడ్ ఎల్వెజెమ్ బృందం నికోటినిక్ ఆమ్లం, అంటే నియాసిన్, ఇచ్చి అటువంటి కుక్కను లేపి నిలబెట్టడంతో విటమిన్ ఏదో తేలిపోయింది.

దక్కన్‌లో ఒక చిక్కు మిగిలింది. మొక్కజొన్న తినని జొన్న రొట్టె జనంలోనూ పెల్లాగ్రా కనిపిస్తున్నది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ చేతి మీద మొదలై 1958లో హైదరాబాదుకు మారిన పోషకాహార పరిశోధనశాల, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా పిలుస్తున్నది, ఈ చిక్కును పట్టుకుంది. జొన్నలో నియాసిన్ గాని, నియాసిన్‌గా మారే ట్రిప్టోఫాన్ గాని మరీ తక్కువేమీ కాదని, ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మితిమీరి ఉండడం వల్ల శరీరం నియాసిన్‌ను సరిగా వాడుకోలేకపోతున్నదని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠియా 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. భవానీ బెళవాడి, గోపాలన్ 1965లో అదే పత్రికలో జొన్న ప్రధానంగా పెట్టిన కుక్కలకు నల్లనాలుక వచ్చిందని ప్రకటించారు. ల్యూసిన్ వాదాన్ని తరువాతి కాలంలో కొందరు శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు, బి6 విటమిన్ పాత్ర కూడా చర్చకు వచ్చింది. అయితే జొన్న ఒక్కదాని మీదే కుక్కను నిలపలేమన్న సంగతి మాత్రం ప్రయోగశాల బోనులో రుజువైంది.

మరి ఆ జొన్న మీదే బతికిన పాలమూరు పల్లె కుక్కల నాలుకలన్నీ ఎందుకు నల్లబడలేదంటే, బోనులోని కుక్కకు లేని స్వేచ్ఛ వాకిలి కుక్కకు ఉండడమే కారణం. మజ్జిగ చుక్క, ఎలుక, బల్లి, చచ్చిన దూడ కళేబరం, దసరా నాటి యాటపోతు పేగులు, దురాజ్‌పల్లి లింగమంతుల జాతర వంటి రోజుల్లో ఊరంతా తెగిన గొర్రెల మిగులు, ఇవన్నీ కలిసి గట్కలో లేనిదాన్ని పూడ్చాయి. మనుషుల్లో పాలూ మాంసమూ కొనలేని కూలి కుటుంబాలకే పెల్లాగ్రా ఎక్కువగా వచ్చిందంటే, కొన్ని రుతువుల్లో ఇంటివాడి కంటే ఇంటి కుక్క తిండే కొంత మెరుగ్గా ఉండేదని అనుకోవలసి వస్తుంది.

నల్లనాలుకకూ మూత్రపిండాల వ్యాధికీ చరిత్రలో ఒక విచిత్రమైన ముడి ఉంది. 19వ శతాబ్దం చివరి ఏళ్లలో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో కుక్కలు వాంతులతో, నోటి పుండ్లతో, మూత్రం వాసన కొట్టే శ్వాసతో చనిపోయిన వ్యాధికి ఆ ఊరి పేరే స్థిరపడింది. అది ఎలుకలు, ఇతర జంతువుల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి మూత్రపిండాలను చెరచడం వల్ల వచ్చేదని తరువాత తెలిసింది. రక్తంలోని వ్యర్థాలు బయటికి పోక నిలిచిపోయినప్పుడు కుక్క నోరూ నాలుకా పుండ్లు పడతాయి కాబట్టి, పైకి చూస్తే అది నల్లనాలుకలాగే ఉంటుంది. రక్తపరీక్షలు రాకముందు పశువైద్యులు ఈ రెంటినీ చాలాకాలం కలగలిపే చూశారు. ఒకటి తిండి తప్పుతో వచ్చేది, రెండోది మూత్రపిండం చెడి వచ్చేది. అయినా చెడిన మూత్రపిండం సంరక్షణలో కూడా చివరకు తిండికి పెద్ద చోటు దొరికింది.

మనుషుల మూత్రపిండ వ్యాధిని లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ 1827లో స్పష్టంగా వర్ణించాడు. మాంసకృత్తులు శరీరంలో విరిగినప్పుడు యూరియా పుడుతుందనీ, దాన్ని వడకట్టి బయటికి పంపడమే మూత్రపిండానికి పెద్ద శ్రమ అనీ, కాబట్టి మాంసకృత్తులు తగ్గిస్తే చెడగా మిగిలిన భాగానికి విశ్రాంతి దొరుకుతుందనీ స్టాన్‌ఫర్డ్‌లో థామస్ ఆడిస్ వంటి వైద్యులు 20వ శతాబ్దం తొలి సగంలో బోధించారు. ఈ ఆలోచన కుక్కల దగ్గరికి ఒక అంధుడి వల్ల చేరింది. అమెరికాకు చెందిన మోరిస్ ఫ్రాంక్ 1928లో స్విట్జర్లాండ్‌లో బడ్డీ అనే కుక్కతో దారి నడిచే శిక్షణ పొంది వచ్చి, మరుసటి ఏడు ద సీయింగ్ ఐ అనే సంస్థ ఏర్పడడానికి కారకుడయ్యాడు. ఆ బడ్డీ పోయాక వచ్చిన కుక్కకూ అదే పేరు పెట్టుకున్నాడు. 1939 ప్రాంతంలో మూత్రపిండాలు చెడిన బడ్డీని న్యూజెర్సీ పశువైద్యుడు మార్క్ మోరిస్ దగ్గరికి తీసుకుపోగా, ఆయన మాంసకృత్తులు, ఉప్పు, భాస్వరం తగ్గించిన తిండిని తయారుచేసి పెట్టాడు. దాన్ని ఆయన భార్య లూయీస్ ఇంటి వంటింట్లోనే గాజు సీసాల్లోకి ఎత్తేది. ఫ్రాంక్ ఊళ్లు తిరుగుతూ ఉంటే సీసాలు దారిలో పగిలిపోవడంతో డబ్బాలు వచ్చాయి. 1948లో కాన్సాస్ రాష్ట్రంలోని టొపీకాలో ఉన్న హిల్ ప్యాకింగ్ కంపెనీ ఆ తిండిని కెనైన్ కె/డి పేరుతో అమ్మకానికి తయారుచేయసాగింది. జబ్బు కోసం ప్రత్యేకంగా తయారై డబ్బాలో అమ్ముడుపోయిన పశువైద్యపు తిండి అలా మొదలైంది.

ఆ తరువాత మాంసకృత్తుల మాట కొంత సడలింది. ఎలుకల్లో మాంసకృత్తులు తగ్గిస్తే మూత్రపిండం చెడడం నెమ్మదిస్తుందని 1980లలో గట్టిగా చెప్పినా, జార్జియా విశ్వవిద్యాలయంలో డెల్మార్ ఫింకో బృందం కుక్కల మీద చూసినప్పుడు ఫలితం అలా రాలేదు. 1992లో ప్రచురించిన అధ్యయనంలో ఆయుష్షు పెంచింది భాస్వరం తగ్గించడమే గాని మాంసకృత్తులు తగ్గించడం కాదని తేలింది. మూత్రపిండం చెడినప్పుడు భాస్వరం రక్తంలో పేరుకుంటుంది, దాన్ని దించడానికి పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసి ఎముకల్లోంచి సున్నాన్ని లాగేస్తుంది. ముదిరిన కుక్కల్లో దవడ ఎముక రబ్బరులా మెత్తబడడం పశువైద్యులు ఎరిగిన లక్షణమే. 2002లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం ప్రచురించిన పరీక్షలో 38 కుక్కలకు 24 నెలల పాటు రెండు రకాల తిండి పెట్టి చూడగా, పథ్యపు తిండి తిన్నవాటిలో వ్యాధి ఒక్కసారిగా విషమించడం బాగా తగ్గింది. 1998లో ఏర్పడిన అంతర్జాతీయ మూత్రపిండ ఆసక్తి సంఘం, ఐరిస్ అనే పొట్టి పేరుతో పశువైద్యులకు తెలిసినది, రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పరిమాణాన్ని బట్టి వ్యాధిని 4 దశలుగా విభజించింది; మొదటి దశలో సాధారణంగా తిండి మార్చరు, రెండో దశ నుంచి మారుస్తారు. మూత్రపిండాల్లో సుమారు మూడొంతుల వడపోత సామర్థ్యం పోయాక గాని క్రియాటినిన్ పెరగదు కాబట్టి, జబ్బు తెలిసేసరికే ఆలస్యమై ఉంటుంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టలో ఆ తెలియడం అన్నది ఇంకా ఆలస్యంగా వచ్చింది. నిజాం పాలనలోని పశువైద్య శాఖకైనా, 1946లో హైదరాబాదులో మొదలై తరువాత రాజేంద్రనగర్‌కు చేరిన పశువైద్య కళాశాలలో చదివి పల్లెలకు వచ్చిన డాక్టర్లకైనా ముందున్న పని ఎద్దులూ గేదెలూ గొర్రెలూ: ముసర వ్యాధి, గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు. పశువుల దవాఖానకు కుక్కను తెచ్చేవాళ్లు కరిచిందనో, గజ్జి పట్టిందనో తెచ్చేవారు. నీళ్లు ఎక్కువ తాగుతున్నదని, చిక్కిపోతున్నదని తేవడం ఉండేది కాదు, ఎందుకంటే అటువంటి కుక్క ముసలిదై ఉంటుంది, ముసలి కుక్క ఇంటి వెనక చింతచెట్టు కింద పోతుంది. పాలమూరు కూలీలు తాపీలూ పారలూ పట్టుకుని దేశమంతా ఇతరుల కాలువలు తవ్వడానికి వలసపోయి ఇళ్లకు తాళాలు పడిన నెలల్లో దానికి పట్టెడు పెట్టే చెయ్యి కూడా ఉండేది కాదు.

తిండి మారడం నీళ్లతో మొదలైంది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు వరి మాగాణిగా మారి, రైసు మిల్లులకు పేరుపొందాయి; దేవరకొండ, మునుగోడు ఎగువన ఉండడంతో మెట్టగానే మిగిలాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం 2 రూపాయలకు కిలో బియ్యం ఇవ్వడం మొదలుపెట్టాక కాలువ ఎక్కని ఊళ్లలోనూ అన్నం రోజువారీ అయింది, జొన్న చేలు తగ్గుతూ పోయాయి, వాకిట్లో పెంకులోకి మాడిన గట్క బదులు గంజీ మెతుకులూ వచ్చాయి. షాద్‌నగర్ చుట్టుపక్కల కోళ్ల ఫారాలు పెరిగి ప్రతి చిన్న సెంటరులో చికెన్ దుకాణం వెలిశాక మరో మార్పు వచ్చింది: పూర్వం జాతరకో పెళ్లికో దక్కే బొక్క ఇప్పుడు ప్రతి ఆదివారం, దుకాణం ముందు కాపు కాసే కుక్కకైతే ప్రతి పూటా దక్కసాగింది. దుకాణంవాడు పక్కన పడేసే తలలు, కాళ్లు, తోలు, మెడ ముక్కలు కలిసిన ముద్దను ఇంటికి పట్టుకుపోయి పసుపు వేసి ఉడకబెట్టి కుక్కకు పెట్టడం పట్టణాల్లో అలవాటైంది. ఆ వెనుకనే సంచుల్లో గుళికల తిండి వచ్చింది; ఇప్పుడు మార్స్ కంపెనీ పెంపుడు జంతువుల తిండి కర్మాగారం సిద్దిపేట జిల్లాలోనే ఉంది.

అందువల్ల, మూత్రపిండాలు చెడిన కుక్కకు మాంసం మాన్పించాలన్న సలహా టొపీకా నుంచి పాలమూరుకు వచ్చేసరికి దాని అర్థం మారిపోతుంది. కుక్కల కోసం తయారయ్యే మూత్రపిండ పథ్యాల్లో ఎండు బరువు లెక్కన మాంసకృత్తులు సాధారణంగా 14 నుంచి 20 శాతం దాకా ఉంటాయి. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో మాంసకృత్తులు 10.4 గ్రాములు, భాస్వరం 222 మిల్లీగ్రాములు; మిల్లు పట్టిన బియ్యంలో 6.8 గ్రాములు, 160 మిల్లీగ్రాములు. అంటే గట్క కుక్క, గంజి కుక్క ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే అమెరికా రోగి కుక్క కంటే తక్కువ మాంసకృత్తుల మీద బతికాయి. అటువంటి కుక్క కంచంలోంచి ఉన్న కాస్త గుడ్డునూ తీసేసి ఒట్టి అన్నం పెడితే మూత్రపిండానికి దక్కే విశ్రాంతి కంటే కండకు జరిగే నష్టం ఎక్కువ; చిక్కిపోవడమే ఆ జబ్బులో కుక్కను ముందుగా తీసుకుపోయే దారి. ఈ మెట్టలో తీసేయవలసిన మొదటి వస్తువు మాంసం కంటే బొక్క, ఎందుకంటే ఎముక అంటేనే సున్నమూ భాస్వరమూ.

స్థానికంగా వండే పథ్యం ఈ లెక్కకు సహజంగానే దగ్గరపడుతుంది. మెత్తగా ఉడికించిన అన్నం, గుడ్డులో భాస్వరం ఎక్కువగా ఉండే పచ్చసొన తీసేసిన తెల్లసొన, బలం కోసం కొంచెం నూనె లేదా నెయ్యి, బొక్క లేని కొద్దిపాటి కోడిమాంసం, ఉప్పు లేకుండా, ఉల్లిగడ్డ ఎల్లిగడ్డ తగలకుండా. తెలుగు ఇళ్లలో జబ్బుపడిన కుక్కకు మొదట పెట్టేది పెరుగన్నం. అది తిండి మానిన కుక్క చేత నాలుగు ముద్దలు తినిపిస్తుంది గాని, పెరుగులో భాస్వరం ఉన్నది కాబట్టి గిన్నెడు పెరుగు పోయడం మంచిది కాదు. ఇంటి వంటలో సున్నం, విటమిన్లు చాలవు, వాటిని డాక్టరు సూచన మీద విడిగా కలపాలి. హైదరాబాదు చుట్టూ తోటలకు పేరు తెచ్చిన ద్రాక్ష గురించి ఒక మాట ఇక్కడే: ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కల మూత్రపిండాలు హఠాత్తుగా చెడతాయన్న సంగతి పశువైద్యులు గుర్తించి పాతికేళ్లే అయింది, పాయసంలో కిస్‌మిస్ ఏరి కుక్కకు వేసే అలవాటు అంతకంటే పాతది.

తిండి కంటే ఈ ప్రాంతానికి ప్రత్యేకమైనది నీళ్ల సంగతి. గ్రానైటు రాతిలోంచి ఫ్లోరైడు కరిగి భూగర్భ జలంలోకి వస్తుంది. నల్లగొండలో ఫ్లోరోసిస్ ఉన్నట్లు 1945లోనే వైద్యపత్రికలకెక్కింది, 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దాని మీద వివరమైన వ్యాసం ప్రచురించాడు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ఊళ్లలో వంగిన నడుములూ, గారపట్టిన పళ్లూ ఆ నీటి గుర్తులు. 1973లో పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఈ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి ఒరిగే రుగ్మతను లాన్సెట్‌లో వర్ణించినప్పుడు జొన్న తిండి పాత్ర కూడా చర్చకు వచ్చింది, ఆ విధంగా గట్కా బోరునీరూ ఒకే రోగ చరిత్రలో కలిశాయి. ఒంట్లోకి చేరిన ఫ్లోరైడును బయటికి పంపే ప్రధాన ద్వారం మూత్రపిండమే. అది చెడితే ఫ్లోరైడు ఎముకల్లో మరింత పేరుకుంటుంది. మూత్రపిండాలు చెడిన కుక్క మూత్రాన్ని చిక్కబరచలేక మామూలు కంటే చాలా ఎక్కువ నీళ్లు తాగుతుంది, తాగాలి కూడా, నీళ్లు తగ్గించడం దానికి ప్రాణాంతకం. ఫ్లోరైడు బోరు ఊళ్లో ఉన్న అటువంటి కుక్క తన మందుతోనే తన భారాన్నీ పెంచుకుంటుంది. కాబట్టి ఇక్కడ పథ్యం గిన్నెలో ఏముందన్నదానితో పాటు తొట్టిలో నీళ్లు ఎక్కడివన్నది కూడా అడగకుండా చెప్పే సలహా సగం సలహాయే.

ఫ్లోరైడు తీయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, నీరి, 1970లలో రూపొందించిన పద్ధతికి నల్లగొండ పద్ధతి అనే పేరు పడింది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు తగు పాళ్లలో వేసి కలిపితే, పటికలోని అల్యూమినియం నీటిలో హైడ్రాక్సైడు ముద్దలుగా మారి ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతుంది, పైన తేరిన నీటిని వంచుకుంటారు. అది ఇక్కడి నుంచి టాంజానియా దాకా పోయింది. సరిగ్గా అదే అల్యూమినియం హైడ్రాక్సైడును కుక్కల వైద్యులు తిండితో కలిపి పెడతారు. అది పేగులో భాస్వరాన్ని పట్టుకుని మలంతో బయటికి పోతుంది, రక్తంలోకి ఎక్కనివ్వదు. రెండు చోట్లా దాని మీద ఒకే ఫిర్యాదు వచ్చింది. శుద్ధి చేసిన నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతున్నదని, అడుగున దిగిన బురదను పారబోసే చోటు లేదని నల్లగొండ పద్ధతిని విమర్శించారు. డయాలిసిస్ మీద ఉన్న మనుషుల మెదడుకూ ఎముకలకూ అల్యూమినియం హాని చేసిందని 1970లలో బయటపడ్డాక మనుషుల వైద్యంలో దాని దీర్ఘకాల వాడకం తగ్గిపోయింది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించి, 2016 ఆగస్టు 7న గజ్వేల్ నియోజకవర్గం కోమటిబండలో ప్రారంభించిన మిషన్ భగీరథ గొట్టాల్లో నదీజలం ఊళ్లకు వచ్చాక పటిక తొట్ల అవసరం నల్లగొండలో చాలావరకు తీరిపోయింది. కుక్కల పథ్యంలో మాత్రం అల్యూమినియం హైడ్రాక్సైడు ఇప్పటికీ వాడుకలోనే ఉంది, అన్నంలో కలిపి, తినే పూటే పెట్టాలి, ఖాళీ కడుపున ఇస్తే దానికి పట్టుకోవడానికి భాస్వరం ఉండదు.